కడ్డీ సగం, బండి సగం

(వరద రోజుల్లో లంక గ్రామాలకు సాయంగా వెళ్లే యువకుల కోసం, హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని అభిరుచిగా నడిపే రేడియో) నేర్చుకుంటున్నవారి కోసం అమలాపురంలో ఒక గ్రంథాలయం హాలులో చేసిన ప్రసంగం. వక్త వాహనాల ఎలక్ట్రికల్ పని చేసే లైసెన్సున్న హామ్.)

అందరికీ నమస్కారమండి. రేవు దాటి వచ్చినవాళ్లు మళ్లీ చీకటి పడకముందే పంటు ఎక్కాలి కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

ముందుగా ఈ కేబుల్ ముక్క చూడండి. ఒకరి తరవాత ఒకరు తీసుకుని చివర కోసిన చోట గోరుతో గీకండి. లోపల అల్లిన రాగి జాలీ ఉంటుంది. కొత్త కేబుల్‌లో అది కొత్త బిందెలా మెరుస్తుంది. ఇందులో నల్లగా ఉంది, అక్కడక్కడా పచ్చని చిలుము పట్టింది. గీకితే పొడి రాలుతుంది. పైన తొడుగు మాత్రం చెక్కుచెదరలేదు. బయటి నుంచి చూస్తే మంచి కేబులే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను.

2022 జూలై వరద మీకందరికీ గుర్తుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక గీత 17.75 అడుగులు. గోదావరి ఆ గీత దాటి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీటిని సముద్రంలోకి తోసింది. మేము నలుగురం లైసెన్సున్న హామ్‌లం ఏటిగట్టు మీద ఒక జీపు పెట్టుకుని కూర్చున్నాం. మాలో ఒక మిత్రుడు చేతి రేడియో పట్టుకుని పడవలో లంకలోకి వెళ్లాడు. అతని మాట మా జీపుకు రావాలి, జీపులో ఉన్న పెద్ద రేడియో ద్వారా మేము ఊళ్లో ఉన్న మరో మిత్రుడికి చేరవేయాలి. అదీ ఏర్పాటు. లంకలో ఒక పెద్దాయనకు ఇన్సులిన్ అయిపోయిందన్న కబురు మా దాకా శుభ్రంగా వచ్చింది. మా దగ్గర నుంచి ఊళ్లోకి వెళ్లలేదు. పిలిచి పిలిచి గొంతు పోయింది. చివరికి ఒక కుర్రాడు మోటార్‌సైకిల్ మీద వెళ్లి చెప్పి మందు తెచ్చాడు. రెండు గంటలు ఆలస్యం. ఆ రెండు గంటల టెన్షన్ నేను ఇప్పటికీ మరచిపోలేదు.

ముందు రోజే యాంటెన్నా మీటరు పెట్టి చూశాను. ముల్లు చక్కగా 1.2 చూపించింది, ఈ అంకె ఒకటికి ఎంత దగ్గరైతే అంత మంచిది. అంతకన్నా మంచి రీడింగ్ ఎవరికీ అక్కర్లేదు. మరి ఎందుకు పని చేయలేదు? దానికి జవాబు ఈ కేబుల్ ముక్కలో ఉంది. కాసేపట్లో అక్కడికి వస్తాను.

యాంటెన్నా అనగానే మన కళ్ల ముందు ఆ నిలువు కడ్డీ ఒక్కటే కనిపిస్తుంది. ఆ కడ్డీ సగమేనండి. మిగతా సగం బండి. పావు తరంగం కడ్డీలోకి, అంటే తరంగం పొడవులో నాలుగో వంతున్న కడ్డీలోకి, విద్యుత్తు పైకి పారాలంటే అంతే విద్యుత్తు దాని మొదలు నుంచి బండి టాప్ రేకు మీదకు అన్ని వైపులా పరుచుకోవాలి. రేకు లేకపోతే, ఉన్నా కడ్డీ మొదలుకు దానితో సంబంధం లేకపోతే, మన యాంటెన్నా ఒంటి కాలి మీద నిలబడినట్టే. ఉప్పుగాలి తగిలే మన ప్రాంతంలో ముందు చెడిపోయేది ఆ కనపడని సగమే. అంతర్వేది నుంచి కాకినాడ దాకా నేను విప్పి చూసిన బండ్లలో కడ్డీ విరిగినవి తక్కువ. ఎర్త్, అంటే కడ్డీ మొదలుకు బండి రేకుతో ఉండే సంబంధం, పోయినవి, కనెక్టర్‌లో నీళ్లు దిగినవి ఎక్కువ.

కొలతల సంగతి చెప్పుకుందాం. మన దేశంలో హామ్‌లకు ఇచ్చిన రెండు మీటర్ల బ్యాండు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకు. మధ్యలో 145 తీసుకోండి. 300ను 145తో భాగిస్తే తరంగం పొడవు 2.07 మీటర్లు. అందులో నాలుగో వంతు దాదాపు 52 సెంటీమీటర్లు. నిజమైన కడ్డీకి మందం ఉంటుంది, చివర ప్రభావం ఉంటుంది, అందుకని అసలు పొడవు 49 దగ్గర తేలుతుంది. చేతితో కొలిస్తే మూరెడుకు కాస్త ఎక్కువ. ఇంత చిన్న కడ్డీతో ఎంత దూరం అంటారా? వీహెచ్ఎఫ్ తరంగం, అంటే ఈ బ్యాండు లాంటి పొట్టి తరంగం, దాదాపు చూపు ఆనినంత దూరమే వెళ్తుంది, దానికి కొద్దిగా కలుపుకోవచ్చు. రెండు మీటర్ల ఎత్తున యాంటెన్నాలున్న రెండు బండ్ల మధ్య చదును నేల మీద 11, 12 కిలోమీటర్లు లెక్క. అదే ఊళ్లో ఒక మేడ మీద గొట్టం ఎత్తి 25 మీటర్ల ఎత్తున యాంటెన్నా పెడితే, బండికీ దానికీ మధ్య 26 కిలోమీటర్ల వరకు వస్తుంది. మన డెల్టాకు కొండల అడ్డం లేదు, అది మన అదృష్టం. తడిసిన కొబ్బరి తోటలు మాత్రం సిగ్నల్‌ను తాగేస్తాయి. కాబట్టి బండిని తోటలో నీడకు పెట్టకండి, గట్టు ఎక్కించండి.

పొడుగు యాంటెన్నా ఇంకా మంచిది కదా అని కొందరు ఎనిమిదింట ఐదు వంతుల తరంగం కడ్డీ కొంటారు. అది 1.2, 1.3 మీటర్లుంటుంది, మొదట్లో చిన్న కాయిల్ ఉంటుంది. చదును నేల మీద అది కాస్త దూరం ఎక్కువ ఇచ్చే మాట నిజమే. కానీ జీపు టాప్ మీద అంత కడ్డీ పెట్టి రాజోలు పక్క కొబ్బరి మట్టల కింద నుంచి, ఇళ్లకు అడ్డంగా లాగిన సర్వీసు వైర్ల కింద నుంచి వెళ్లి చూడండి. వరదల్లో ఆ వైర్లు ఇంకా కిందకు జారి ఉంటాయి. కరెంటు వైరుకు కడ్డీ తగిలితే ప్రాణానికే ముప్పు. మన రోడ్లకు నా ఓటు పావు తరంగానికే.

ఇప్పుడు అమర్చడం. శ్రేష్ఠమైన చోటు టాప్ రేకు నడిమధ్య. నాలుగు వైపులా రేకు సమానంగా ఉంటే సిగ్నల్ నాలుగు వైపులా సమానంగా వెళ్తుంది. బంపరు మీద పెడితే బండి శరీరమే ఒక పక్క అడ్డు నిలుస్తుంది, ఇంకో పక్కకు ఎక్కువ పోతుంది. పడవ వెనక ఉందో ముందు ఉందో చూసుకుని జీపు తిప్పుకుంటూ కూర్చోవాలి.

టాప్‌కు కన్నం పెట్టడానికి ఓనరు ఒప్పుకుంటే అంతకన్నా మంచిది లేదు. కన్నం పెట్టాక లోపలి వైపు, వాషరు కూర్చునే అంత మేర, పావలా బిళ్లంత చోట రంగు పూర్తిగా గీకేయాలి. ఎమరీ పేపరుతో రుద్దితే ముందు తెల్లటి పౌడరులాగా రంగు రాలుతుంది, తరవాత ఎర్రటి ప్రైమరు వస్తుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు. ప్రైమరు కూడా కరెంటును పోనివ్వదు. ఇంకా రుద్దితే ఉక్కు మెరుపు కనిపిస్తుంది, అప్పుడు ఆపాలి. వాషరు బిగించి చుట్టూ గ్రీజు పూయాలి. పూయకపోతే ఆ మెరిసిన చోటే మొదటి వానకు తుప్పు పడుతుంది. పని అయ్యాక మల్టీమీటరు తీసి ఒక మొన కనెక్టరు బయటి ఒంటికి, రెండో మొన బ్యాటరీ నెగటివ్‌కు పెట్టండి. ఒక ఓమ్ లోపే చూపించాలి. నాలుగైదు ఓమ్‌లు చూపిస్తే మళ్లీ విప్పి రుద్దాల్సిందే, సర్దుకుపోవద్దు.

బానెట్ అంచుకో డిక్కీ తలుపుకో బిగించేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. ఆ తలుపుకూ బండికీ మధ్య ఉన్నవి కీళ్లు మాత్రమే. కీళ్లలో గ్రీజు, రంగు, తుప్పు. వెడల్పాటి రాగి జాలీ పట్టీ ఒకటి తలుపు నుంచి బాడీకి పొట్టిగా కలపండి. సన్నని వైరు చాలదు, ఇంత ఫ్రీక్వెన్సీలో విద్యుత్తు లోహం పైపొర మీదే పారుతుంది, కాబట్టి వెడల్పు కావాలి.

అయస్కాంతం మౌంటు చాలామందికి వీలు. రేపు తీసేయవచ్చు, అద్దె బండికి పెట్టవచ్చు. రంగు పైనే కూర్చుంటుంది కదా, ఎర్త్ ఎలా అని మీరు అడగాలి. రంగు పొరకు ఒక వైపు అయస్కాంతం రేకు, రెండో వైపు టాప్ రేకు, ఈ రెండూ కలిసి ఒక కెపాసిటరు అవుతాయి. 145 మెగాహెర్ట్జ్ దగ్గర అది తలుపు తెరిచినట్టే. కాబట్టి మల్టీమీటరు అక్కడ ఏమీ చూపించకపోయినా కంగారు లేదు. అడుగున ఇసుక, మట్టి లేకుండా తుడిచి పెట్టాలి, లేదంటే రంగు గీసుకుపోతుంది, మౌంటూ జారుతుంది. అల్యూమినియం బాడీలకు అయస్కాంతం అంటుకోదు, వాటికి బ్రాకెట్టే గతి.

కేబుల్ దగ్గరకు వద్దాం. రేడియోలు 50 ఓమ్‌ల కేబుల్ కోసం చేసినవి. ఆర్‌జీ-58 అనే సన్నటి రకం బండికి సరిపోతుంది. అయిదు మీటర్ల కేబుల్‌లో దాదాపు ఒక డెసిబెల్, అంటే శక్తిలో ఐదో వంతు దారిలోనే కరుగుతుంది. అంతవరకు ఫరవాలేదు, అందుకే అనవసరంగా పొడుగు ఉంచవద్దు. తలుపు రబ్బరు కింద నుంచి తెస్తే తలుపు వేసిన ప్రతిసారీ నలగకుండా చూసుకోండి. లోపలికి వచ్చే ముందు కేబుల్‌ను కాస్త కిందకు వంచి మళ్లీ పైకి తేవాలి. వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది, బండిలోకి రాదు. ఎయిర్‌బ్యాగ్ మూతల మీదుగా ఎప్పుడూ లాగకండి.

(వెనక నుంచి ఒక పెద్దాయన: ఇంట్లో టీవీ కేబుల్ చుట్టలు చుట్టలు ఉంది బాబూ, అది పనికిరాదా?)

మంచి ప్రశ్న బాబాయి గారూ. అది 75 ఓమ్‌ల కేబుల్. తప్పనిసరి పరిస్థితిలో బొత్తిగా పని చేయదని అనను. కానీ దాని జాలీ చాలావరకు అల్యూమినియం. అల్యూమినియానికి మామూలు సోల్డరు అంటుకోదు. కేబుల్ చివర పెట్టే పీఎల్-259 కనెక్టరు పైకి బిగిసినట్టే కనిపిస్తుంది, గతుకుల రోడ్డులో వదులవుతుంది. వంద రూపాయలు మిగుల్చుకోవడానికి అంత బెంగ ఎందుకండి? అసలు కేబులే వేయిద్దాం.

ఇక శ్రుతి చేయడం. ఎస్‌డబ్ల్యూఆర్ అంటే, మీటరు చూపించే ఆ అంకె అంటే, ఏమిటో మన కాలువల్లో చూపిస్తాను. కాలువలో నీరు వస్తోంది. ముందు లాకు తలుపులు పూర్తిగా తెరిచి ఉంటే నీరంతా దాటిపోతుంది. సగం మూసి ఉంటే వచ్చిన నీటిలో కొంత తలుపుకు కొట్టుకుని అలలా వెనక్కి వస్తుంది. కేబుల్ కాలువ, యాంటెన్నా లాకు. మీటరులో 1.5 అంటే పంపిన శక్తిలో 4 శాతం వెనక్కి వస్తోంది. 2 అంటే 11 శాతం. 3 అంటే 25 శాతం. 1.5 లోపు ఉంటే హాయిగా మాట్లాడుకోండి. 3 దగ్గర రేడియో తనను తాను కాపాడుకోవడానికి శక్తి తగ్గించేస్తుంది, పాత సెట్లయితే లోపలి ట్రాన్సిస్టర్లు వేడెక్కి పోతాయి.

కొలిచే ముందు బండిని ఖాళీ జాగాలోకి తేవాలి. పక్కన లారీ గానీ, రేకుల షెడ్డు గానీ, ఇనుప గేటు గానీ ఉండకూడదు. తలుపులు, బానెట్ అన్నీ మూసేయండి. కడ్డీ పట్టుకుని ఎవరూ నిలబడకూడదు. ప్రసారం జరుగుతుండగా తాకితే వేలు కాలుతుంది, రీడింగూ తప్పు వస్తుంది. రేడియోను అతి తక్కువ శక్తిలో పెట్టండి. మీటరు 145 మెగాహెర్ట్జ్‌కు చేసినదై ఉండాలి. 27 మెగాహెర్ట్జ్ సెట్లకు వాడే మీటరు ఇక్కడ నిజం చెప్పదు. ముందు ఆ ఫ్రీక్వెన్సీలో ఎవరైనా మాట్లాడుతున్నారేమో విని, మీ కాల్ సైన్, అంటే లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరు, చెప్పి, అప్పుడు బటన్ నొక్కండి. మీటరును ముందుకు వెళ్లే శక్తి వైపు పెట్టి ముల్లును చివరి గీత దాకా తెచ్చి, స్విచ్ తిప్పి వెనక్కి వచ్చేది చదవండి. చేతిలో పట్టే చిన్న అనలైజర్లు ఇప్పుడు తక్కువ ధరకే వస్తున్నాయి, నానోవీఎన్ఏ అంటారు. అది తనే కొలుచుకుంటుంది. దానికి రేడియోను కలిపి బటన్ నొక్కితే మాత్రం ఆ క్షణమే కాలిపోతుంది.

మూడు చోట్ల కొలవండి. 144.1, 145, 145.9. నిన్న సాయంత్రం బయట ఉన్న జీపుకు నేను తీసినవి ఇవి: కింద 1.3, మధ్యలో 1.6, పైన 2. బ్యాండు కింది వైపు తక్కువగా ఉంది, పైకి పోయే కొద్దీ పెరుగుతోంది. అంటే కడ్డీ పొడుగైంది. తంబూరా తీగ పొడుగైతే శ్రుతి కిందకు దిగుతుంది కదా, ఇదీ అంతే. ఇది తిరగబడి, పైన తక్కువ కింద ఎక్కువ ఉంటే కడ్డీ పొట్టి.

ఎంత తగ్గించాలి? ఒక మెగాహెర్ట్జ్ జరగడానికి మూడున్నర మిల్లీమీటర్ల లోపే. బియ్యపు గింజలో సగం అనుకోండి. మొదలు దగ్గర గ్రబ్ స్క్రూ ఉంటుంది, అలెన్ కీతో వదులు చేస్తే కడ్డీ లోపలికి దిగుతుంది. ముందు దించి చూడండి. దించడానికి చోటు లేకపోతేనే కోయండి, అదీ ఒక్కోసారి రెండు మిల్లీమీటర్లు. కోసిన చివర ఆకురాయితో నున్నగా చేసి టోపీ తిరిగి తొడగండి, పిల్లల కళ్ల ఎత్తుకు వచ్చే కడ్డీలున్నాయి. నిన్న నేను కోయలేదు. మూడు మిల్లీమీటర్లు దించాను, మధ్యలో 1.4కు వచ్చింది. అక్కడ ఆపేశాను. మంచి రేకు మీద నిలబడిన పావు తరంగం కడ్డీ సహజంగా 36 ఓమ్‌ల దగ్గర ఉంటుంది. 50కి దానికి పోలిస్తే 1.4 రావడమే న్యాయం. 1.1 కోసం రోజంతా కుస్తీ పట్టేవాళ్లను చూశాను. ఆ తేడా అవతల వినేవాడికి తెలియనే తెలియదు.

ఇప్పుడు మన కేబుల్ ముక్క ఎవరి దగ్గరుంది? ఆ అమ్మాయి దగ్గరా, ఇటు ఇవ్వమ్మా. చిలుము పట్టిన ఈ కేబుల్ శక్తిని తినేస్తోంది. పది వాట్లు పంపితే పైకి ఒక్క వాటే చేరుతోందనుకోండి. పైన కడ్డీ ఊడిపోయి ఉన్నా సరే, ఆ ఒక్క వాటు మొత్తం వెనక్కి తిరిగినా, మళ్లీ ఇదే కేబుల్‌లో దిగుతూ పదో వంతు అవుతుంది. మీటరు దగ్గరకు వచ్చేది 0.1 వాటు. పదికి 0.1 అంటే ఒక శాతం. మీటరు 1.2 చూపిస్తుంది. ఆ రోజు నాకు చూపించింది అదే. మీటరు అబద్ధం చెప్పలేదు, నేను దాన్ని అడగాల్సిన రెండో ప్రశ్న అడగలేదు. లంకలో పడవ దగ్గరే ఉంది కాబట్టి అందులోని మిత్రుడి మాట వినపడింది, ఊరు దూరం కాబట్టి మా మాట అందలేదు.

ఆ రెండో ప్రశ్న ఇదండి. కడ్డీ విప్పేసి, తక్కువ శక్తిలో ఒక్క క్షణం మాత్రమే మళ్లీ కొలవండి. మంచి కేబుల్ అయితే రీడింగ్ ఒక్కసారిగా పైకి లేచిపోవాలి. లేవకపోతే కేబుల్‌లోనే ఎక్కడో శక్తి పోతోంది. మార్చేయండి. నేను ఇప్పుడు మే నెలలో ఒకసారి, వరదల ముందు జూలైలో ఒకసారి ఈ పరీక్ష చేస్తాను. కనెక్టర్ల మీద ముందు సాగదీసి చుట్టే రబ్బరు టేపు, దాని మీద మామూలు ఇన్సులేషన్ టేపు, కింద నుంచి పైకి చుట్టుకుంటూ రావాలి. ఇంటి పెంకులు నేసినట్టు పై పొర కింది పొర మీదకు వస్తే నీరు లోపలికి దూరదు.

(ఒక యువకుడు: మాది ఫైబర్ పడవండి. దానికి రేకు లేదు. ఏం చేయాలి?)

నీ దగ్గరే ఈ రోజు పాఠం తేలాలి తమ్ముడూ. బండి సగం అన్నాను కదా, నీకు ఆ సగం లేదు. అందుకని రేకుతో పని లేని అర తరంగం యాంటెన్నా కావాలి. 145కు అది మీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. రెక్సిన్ టాప్ ఉన్న ఆటోకు కూడా అదే. సముద్రంలోకి వెళ్లే పడవలకు మెరైన్ వీహెచ్ఎఫ్ వేరే ఉంది, అందులో ఆపద పిలుపుకు 16వ ఛానెల్, 156.8 మెగాహెర్ట్జ్. ఆ యాంటెన్నా పొడవు దాని లెక్కకు కోసినది. దాన్ని తెచ్చి హామ్ సెట్టుకు తగిలిస్తే శ్రుతి కలవదు.

పవర్ గురించి రెండు మాటలు. యాభై వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు పది ఆంపియర్లకు పైగా లాగుతుంది. సిగరెట్ లైటర్ సాకెట్ దాన్ని మోయలేదు. బ్యాటరీ నుంచి నేరుగా మందపు వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు. ఇంజను వేగంతో పాటు స్పీకర్‌లో ఈల పెరుగుతుంటే మళ్లీ ఎర్త్‌నే వెతకండి.

లైసెన్సు మాట దాటవేయను. ఆన్‌లైన్‌లో సెట్టు కొనేసి బటన్ నొక్కడం నేరం. పన్నెండేళ్లు నిండినవారు ఎవరైనా పరీక్ష రాయవచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడు అనే కింది మెట్టు లైసెన్సుకు చుక్కలూ గీతల మోర్స్ కోడ్ కూడా అక్కర్లేదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను మన కోనసీమ మీద పడినప్పుడు నేను కాలేజీ కుర్రాణ్ని. తెల్లారేసరికి టెలిఫోన్ స్తంభాలు కొబ్బరి చెట్ల కింద ఉన్నాయి. బలుసుతిప్ప, భైరవపాలెం వైపు ఏమైందో ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆ మౌనం విన్నాకే నేను ఈ పరీక్ష రాశాను. మీలో ఎంతమంది రాస్తారో చివర్లో పేర్లు ఇవ్వండి, పుస్తకాలు నా దగ్గరున్నాయి.

జీపును చెట్టు నీడ నుంచి తీసి గ్రౌండు మధ్యలో ఎండలో పెట్టించాను. నేను కావాలనే కడ్డీని నాలుగు మిల్లీమీటర్లు పైకి లాగి వదిలేశాను. మీటరు, అలెన్ కీ, టేపు సీట్లో ఉన్నాయి. నలుగురు నలుగురుగా రండి. మొదటి మూడు రీడింగులు ఫైబర్ పడవ తమ్ముడు తీస్తాడు, మిగతావాళ్లు కాగితం మీద రాసుకోండి.